కోఠీ స్తంభము

హైటెక్ సిటీలో నా కొలువు. ఒక ఆదివారము మెట్రోలో అమీర్‌పేట వచ్చి, బండి మారి, పాత పుస్తకములకై కోఠీ చేరితిని. బస్సుల రొదలో ఒక స్మారక స్తంభమునకు జేరగిలబడి మిత్రునికై వేచియుంటిని. ఏండ్ల తరబడి అది మాకు కలిసికొను గుర్తు మాత్రమే! నాడతడు ఆలస్యము చేసెను గనుక అది ఎవరిదో విచారించితిని.

చెరలోనున్న జమాదారు చీదాఖానును విడిపింపవలెనని 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్‌ల వెంట రొహిల్లాలు బ్రిటిషు రెసిడెన్సీపై దాడి సలిపిరి. ఆ భవనమే నేటి మహిళా విశ్వవిద్యాలయము. ఫిరంగుల యెదుట వారెంతసేపు నిలువగలరు? 1859లో తుర్రేబాజ్ ఖాన్ తూప్రాను చెంత హతుడయ్యెను. శవమును నగరములో వ్రేలాడదీసిరట. మౌల్వీ అండమానులోనే కన్నుమూసెను.

మిత్రుడు వచ్చి "పోదమా?" అనెను. అప్పటికే నేను స్తంభమునుండి ఎడముగా నిలిచియుంటిని.