బందరు ఉప్పు, బోమే డిగ్రీలు

కొలతలకి మనుషుల పేర్లు పెట్టడంలో ఫిజిక్సు వాళ్ళదే పైచేయి. న్యూటన్, వోల్ట్, ఆంపియర్, కెల్విన్... ఈ జాబితాకి అంతే లేదు. కెమిస్ట్రీ వాళ్ళకి డాల్టన్ ఒకటి దక్కింది గానీ, అణువుల బరువులతో పనిపడే వాళ్ళకి తప్ప అది బయట ఎవరికీ పట్టదు. ఎండలో మోకాళ్ళదాకా నీళ్ళలో నిలబడి పనిచేసే వాళ్ళకి పనికొచ్చే కొలత ఇంకోటుంది. డిగ్రీ బోమే. మన బందరు దగ్గర పల్లెతుమ్మలపాలెం లాంటి చోట్ల ఉన్న ఉప్పు మళ్ళ సంగతి అర్థం కావాలంటే దీనంత సులువైన దారి లేదు.

ఆంత్వాన్ బోమే (1728-1804) పారిస్‌లో మందుల తయారీదారు, కెమిస్టు. లవోయిజే తెచ్చిన కొత్త రసాయన శాస్త్రాన్ని ఒప్పుకోని పాతకాలపు మనిషి. ఆ వాదంలో ఓడిపోయాడు గానీ, 1768లో ఆయన గీసిన గీతలు మాత్రం నిలిచాయి. అడుగున బరువు ఉన్న సన్న గాజు గొట్టాన్ని మంచినీళ్ళలో వదిలి, అది మునిగిన చోట సున్నా పెట్టాడు. 85 పాళ్ళ నీళ్ళలో 15 పాళ్ళ ఉప్పు కరిగించి అందులో వదిలి, అక్కడ 15 పెట్టాడు. మధ్యలో సమానంగా గీతలు గీసి, అదే కొలతతో కిందకి పొడిగించాడు. అంతే! అంటే ఆ కొలత పుట్టిందే ఉప్పుతో.

మన వృత్తిలో ఉన్నవాళ్ళకి ఇక్కడో చిన్న వినోదం. నీటికంటే తేలికైన ద్రవాలకి కూడా అదే పేరుతో ఇంకో స్కేలు ఉంది, అది తలకిందులుగా నడుస్తుంది. మొదటి స్కేల్లోనే అమెరికావాళ్ళు 145 అనే అంకె పట్టుకుంటే, హాలండు వాళ్ళు 144 అన్నారు. వెర్షన్ నంబరు లేకుండా రిలీజ్ చేస్తే ఏమవుతుందో 18వ శతాబ్దంలోనే చూపించారన్నమాట :) అన్నట్టు బందరులో ఆ డచ్చివాళ్ళ పేరున వలందపాలెం, బోమే దేశస్థుల పేరున పరాసుపేట ఇప్పటికీ ఉన్నాయి. ఈ గొడవతో వాటికి సంబంధం లేదనుకోండి.

అసలు విషయానికొద్దాం. సముద్రపు నీళ్ళు 3.5 డిగ్రీల దగ్గర ఉంటాయి. మడిలోకి తోడి ఎండబెడితే 13 దాటాక జిప్సం పేరుకోవడం మొదలవుతుంది. అది ముందు మళ్ళలోనే దిగిపోవాలి, లేకపోతే ఉప్పులో కలుస్తుంది. 25 దాటాక మనం తినే ఉప్పు గడ్డకడుతుంది. అప్పటికి పది బిందెల నీళ్ళు ఒక్క బిందె అయ్యుంటాయి. ఎండా గాలీ తప్ప ఇంకే ఇంధనం లేకుండా తొమ్మిది బిందెలు ఎగరగొట్టాలి. పోనీ ఎంత ఎండితే అంత లాభమా అంటే, అదీ కాదు. 29, 30కి వచ్చేసరికి మెగ్నీషియం లవణాలు దిగడం మొదలై ఉప్పు చేదెక్కుతుంది, గాలిలో తేమ పీల్చి చెమ్మగిల్లుతుంది. ఆవకాయలో రాళ్ళ ఉప్పు మంచిది పడాలని ఇంట్లో పెద్దవాళ్ళు ఎందుకు పట్టుబడతారో ఇక్కడ తెలుస్తుంది. మిగిలిన ఆ చేదు నీళ్ళని బయటికి వదిలెయ్యాల్సిందే.

వారాల తరబడి 3.5 నుంచి 24 దాకా లాక్కొచ్చిన మడి మీద ఒక్క రాత్రి వాన పడితే? పడిన మంచినీళ్ళు తేలికగాబట్టి కాసేపు పైనే తేలతాయి. వెంటనే పైపొర జారవిడిస్తే కొంత దక్కుతుంది. గాలి కలిపేసిందా, మళ్ళీ మొదటికే. మనకి బ్యాకప్ ఉంటుంది, వాళ్ళకి లేదు.

1930లో భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు బందరు ఒడ్డున ఉప్పు వండి చట్టం ధిక్కరించిన సంగతి చదువుకున్నాం. ఇప్పుడు పన్ను లేదు. కానీ 2006 నుంచి అయొడిన్ కలపని ఉప్పుని నేరుగా తినడానికి అమ్మకూడదు. పిల్లల ఆరోగ్యం దృష్ట్యా ఆ నిబంధన సరైనదే, నాకు అనుమానం లేదు. కాకపోతే అయొడిన్ కలిపే యంత్రం లేని చిన్న రైతు తన ఉప్పుని ముడి సరుకుగా ఇంకొకరికి ఇచ్చుకోవాలి. డిగ్రీలు ఎంత జాగ్రత్తగా చూసుకున్నా ధర చెప్పేది అవతలివాడే.

ఇదే ఉప్పు దివిసీమలో శత్రువు. 1977 నవంబరు 19న ఉప్పెన ఊళ్ళకి ఊళ్ళే ఊడ్చేసింది, పొలాల నిండా సముద్రం నింపింది. ఉప్పెన లేని ఏళ్ళలో కూడా సముద్రం కింద నుంచి, పాయల నుంచి లోపలికి వస్తూనే ఉంటుంది. వరికి లీటరుకి సుమారు రెండు గ్రాముల లవణం దాటితే దిగుబడి తగ్గడం మొదలు. బోమే లెక్కలో అది 0.2 డిగ్రీ! ఆ గాజు గొట్టం మీద అంత సన్న తేడా కంటికి ఆనదు. విద్యుత్ వాహకత మీటరు పెట్టి చూడాలి.

గుడివాడ వైపు వాళ్ళం కాలవ నీళ్ళని పంట తడిగానే లెక్కేస్తాం. పులిగడ్డ అక్విడక్టు దాటి అవనిగడ్డ, కోడూరు, నాగాయలంక వైపు వెళ్ళే నీళ్ళకి రెండు పనులు. పైరు తాగాలి, నేలలో ఉప్పుని కిందికి కడగాలి. అందుకే ఎకరానికి ఇన్ని నీళ్ళని ప్రకాశం బ్యారేజీ దగ్గర అందరికీ ఒకే లెక్క కట్టడం నాకు తప్పనిపిస్తుంది. చివరి ఆయకట్టుకి ఎక్కువ కావాలి. ఇప్పుడేమో చివరికొచ్చేసరికి తక్కువ అందుతోంది.