ఒక పరికరంలో చేసిన మార్పు



రబ్బరు తోటలో పనిచేసిన మా తాతగారి కాగితాలన్నీ ఒక్క రేకుపెట్టెలో ఉండేవి. పెట్టె ఎక్కడ ఉంటే అవీ అక్కడే. నేడు మన సమాచారం అట్లా ఒకే చోట నిలవదు. కంప్యూటరులో గుర్తు పెట్టుకున్న పుట ఇంటిలోని టాబ్లెట్టులోనూ కనబడడం మీరు చూచే ఉంటారు. అది ఎట్లా సాధ్యమవుతున్నది?

బ్రౌజరులో మీ ఖాతాతో ప్రవేశించి సింక్‌ను అనుమతించినప్పుడు, బుక్‌మార్కులు, చూచిన పుటల చరిత్ర, పాస్‌వర్డులు మొదలైనవాటి ప్రతి ఒకటి దూరాన ఉన్న సర్వరుకు చేరుతుంది. అదే ఖాతా గల తక్కిన పరికరాలు ఆ సర్వరు నుండి కొత్త మార్పులను తెచ్చుకుంటాయి.

చేర్చడం ఒక్కటే మార్పు కాదు, తొలగించడమూ మార్పే. మా ఇంటి పిల్లవాడొకడు నా ఫోనులో ఆడుకుంటూ తెలుగు కథల బుక్‌మార్కుల ఫోల్డరును చెరిపివేశాడు. సాయంత్రం కంప్యూటరు తెరిస్తే అందులోనూ అది లేదు. ఏళ్ల తరబడి కూర్చిన చిరునామాలు పోయాయి. కనుక సింక్ ఉన్నంత మాత్రాన అన్నీ భద్రమని తలచకండి. ముఖ్యమైనవాటిని వేరొక ఫైలులో దాచుకోండి, నోటుపుస్తకంలో వ్రాసుకున్నా మేలే.

మరొక మాట. పలువురు వాడే కంప్యూటరులో మీ ఖాతా తెరచి వెళ్లిపోతే, తరువాత కూర్చున్నవారికి మీ పాస్‌వర్డులు సైతం అందవచ్చు. అటువంటి చోట సింక్‌ను అనుమతించకండి.

ఈ వారం ఇంటిలో పెద్దలతో కలిసి, మీ ఖాతా ఏయే పరికరాలలో తెరచి ఉన్నదో చూచి రండి.