ఇంటర్వెల్ తర్వాత ఇరవై ఒక్క కిలోమీటర్లు

హీరో పరుగెత్తడం మీరూ నేనూ ఎన్నిసార్లు చూళ్ళేదు! తెల్లారగట్ల పొగమంచు, ఖాళీ రోడ్డు, వెనక డప్పుల మోత... మొదటి చరణంలో చొక్కా తడుస్తుంది, రెండో చరణంలో కండలు తేలతాయి. పాట అయ్యేసరికి పోటీ, పోటీ అయ్యేసరికి కప్పు! 1991లో వచ్చిన ‘అశ్విని’ సినిమాలో నిజంగానే పరుగుల రాణి అయిన అశ్వినీ నాచప్ప కథానాయికగా వేసింది. చిన్నప్పుడు టీవీలో అది చూసిన ఆవేశంలో మా వీధి చివరి కిళ్ళీకొట్టు దాకా ఒక్క బిగిన పరుగెత్తి అక్కడే కూలబడ్డాను. దాంతో నా క్రీడాజీవితం పాతికేళ్ళు వాయిదా పడింది.

అసలు వాయిదాలు వేయడంలో నన్ను మించినవాడు లేడు. బి.ఏ. అయింది గానీ ఎం.ఏ. మధ్యలో వదిలేశాను. రెండు ఉద్యోగాలు వదిలేశాను. సినిమా కథ ఒకటి సగం రాసి అటకెక్కించాను. ఇప్పుడు పత్రికలకి వ్యాసాలు రాసుకుంటూ బతుకుతున్నానంటే, వ్యాసం పొట్టిగా ఉంటుంది కాబట్టే!

మా నాన్న సినిమాహాల్లో ఆపరేటరు. ఆపరేటరంటే ప్రొజెక్టరు నడిపేవాడు. ఇప్పటి కుర్రాళ్ళకి ఆ సంగతి తెలియకపోవచ్చు. క్యాబిన్లో రెండు యంత్రాలుండేవి. ఒకదాంట్లో రీలు అయిపోవస్తుంటే తెర కుడివైపు పైమూల చిన్న చుక్క మెరిసేది. అది చూసి రెండో యంత్రం అందుకోవాలి. కళ్ళు తెర మీద, చేతులు యంత్రం మీద, మధ్యమధ్య అరిగిపోయే కార్బన్ కడ్డీలని ముందుకి జరుపుకోవడం... రోజుకి నాలుగాటలు, నిలబడే. “సినిమా బాగుంటే చప్పట్లు హీరోకి, రీలు తెగితే తిట్లు నాకు” అనేవాడు నాన్న. డిజిటల్ వచ్చి ఆ యంత్రాలు మూలపడ్డాయి. నాన్న కాళ్ళ మీద నరాలు మాత్రం నీలంగా ఉబ్బి అలాగే మిగిలాయి. ఇప్పుడు హైదరాబాదులో నా దగ్గరే ఉంటున్నాడు.

2023 ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌కి ఫీజు కట్టానని చెప్పినప్పుడు ఆయన పేపరు పక్కన పెట్టి, “ఎంత దూరం?” అన్నాడు.

“42 కిలోమీటర్ల 195 మీటర్లు.”

(ఆ 195 మీటర్లు ఏమిటంటారా? 1908 లండన్ ఒలింపిక్స్‌లో విండ్సర్ కోట దగ్గర మొదలెట్టి, స్టేడియంలో రాజకుటుంబం కూర్చునే చోటు ముందు ముగించారు. 1921లో ఆ కొలతనే ఖాయం చేశారు. గొప్పవాళ్ళ సౌకర్యం కోసం మన కాళ్ళు అరగడం కొత్తేమీ కాదు!)

నాన్న గోడకేసి చూస్తూ లెక్క కట్టాడు. సెకనుకి 24 బొమ్మలు, అడుగుకి 16 బొమ్మలు. అంటే నిమిషానికి 90 అడుగులు. మూడు గంటల సినిమాకి 16,200 అడుగులు. దగ్గర దగ్గర ఐదు కిలోమీటర్ల ఫిల్ము!

“ఎనిమిదిన్నర సినిమాలన్నమాట” అన్నాడు. “నువ్వు ఒక్క సినిమా పూర్తిగా చూసినట్టు నాకు గుర్తు లేదురా. ఇంటర్వెల్లో సోడా తాగి ఇంటికొచ్చేసేవాడివి.”

ఆ మాట గుచ్చుకుంది. నిజం కాకపోతే గుచ్చుకునేది కాదు.

నాలుగు నెలల సాధన గురించి పెద్దగా చెప్పను. దానికి పాట లేదు. తెల్లారే లేవడం, కుక్కలు తరమడం, ఆదివారాలు పాతిక, ముప్పై కిలోమీటర్లు. కాలి బొటనవేళ్ళ గోళ్ళు నల్లబడి ఊడిపోయాయి. ఒకరోజు చొక్కా మీద ఛాతీ దగ్గర రెండు ఎర్రటి మరకలు చూసి పాలమ్మాయి కెవ్వుమంది. చెమటకి తడిసిన బట్ట గంటల తరబడి రాసుకుంటే చర్మం లేచిపోతుందని, ముందే వాజలిన్ పూసుకోవాలని ఏ సినిమా హీరోగారూ చెప్పిన పాపాన పోలేదు మరి!

ఆ ఆదివారం ఇంకా చీకటి ఉండగానే హుస్సేన్ సాగర్ పక్కన, నెక్లెస్ రోడ్డు మీద వేలమందిమి నిలబడ్డాం. పరుగు ముగిసేది గచ్చిబౌలి స్టేడియంలో. దేశంలో ఇంకెక్కడైనా మారథాన్ చదునుగా ఉండొచ్చునేమో గానీ మన హైదరాబాదులో అన్నీ ఎత్తుపల్లాలే. ఫ్లైఓవర్లు, బంజారాహిల్స్, జూబ్లీహిల్స్... పగలు కారులో వెళ్తే అవి ఎత్తులని తెలియదు. మన అభిమాన తారలు ఆ గేట్ల వెనక హాయిగా నిద్రపోతూ ఉంటారు, మనం బయట రొప్పుతూ పోతూ ఉంటాం. సగం దూరం, అంటే 21 కిలోమీటర్లు దాటినప్పుడు నాకు నవ్వొచ్చింది. నా జీవితంలో మొదటిసారి ఇంటర్వెల్ తర్వాత హాల్లోనే ఉన్నాను!

ఆ నవ్వు తొమ్మిది కిలోమీటర్లు నిలిచింది.

ముప్పై దగ్గర గోడ వస్తుందని అనుభవజ్ఞులు చెప్తారు. కాలేయంలోనూ కండరాల్లోనూ దాచుకున్న పిండిపదార్థం దాదాపు అక్కడికి నిండుకుంటుంది. కొవ్వు ఉంటుంది, నా దగ్గర దండిగానే ఉంది, కానీ అది అంత త్వరగా మండదు. కార్బన్ కడ్డీ అరిగిపోతే తెర మీద బొమ్మ మసకబారుతుంది చూడండి, అచ్చం అలాగే. పక్కవాడు ఏదో అంటే పెదవులు కదలడం కనిపించింది, మాట వినపడలేదు. తొడలు రాళ్ళయ్యాయి. ఆపైన ఓ దిగుడులో మోకాలి బయటి పక్క కత్తి దిగినట్టు నొప్పి!

1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో మొట్టమొదటి ఆడవాళ్ళ మారథాన్ జరిగింది. స్విట్జర్లాండ్ తరఫున పరుగెత్తిన గాబ్రియేలా ఆండర్సన్ షీస్ ఎండదెబ్బకి ఒళ్ళు ఒక పక్కకి వంగిపోయి, తూలుతూ స్టేడియంలో ఆఖరి చుట్టు తిరిగింది. ఆ ఒక్క చుట్టుకే ఐదున్నర నిమిషాలకి పైగా పట్టింది. ఎవరైనా పట్టుకుంటే పోటీ నుంచి తీసేస్తారని డాక్టర్లని దగ్గరికి రానివ్వలేదు. గీత దాటి పడిపోయింది, 37వ స్థానం. ఆ ఫిల్ము చూసి నేనూ కన్నీళ్ళు పెట్టుకున్నవాణ్ణే. కానీ ఒక సంగతి అందరూ మర్చిపోతారు. ఆమెకి ఇంకా చెమట పడుతోందని గమనించాకే డాక్టర్లు సాగనిచ్చారు. చూసేవాళ్ళకి తెగువ కనిపించింది, డాక్టర్లు చెమట చూశారు!

నాకు కూడా ఫిజియోథెరపీ డాక్టరొకాయన ముందే చెప్పాడు: “అలసట నొప్పి రెండు కాళ్ళకీ వస్తుంది, ఓర్చుకో. ఒక్కచోట పొడుస్తూ, నిన్ను కుంటిస్తే మాత్రం ఆగు.” నేను కుంటుతున్నాను. రోడ్డు పక్క అంబులెన్సు ఉంది. లోపల సీటు ఎంత మెత్తగా కనిపించిందో చెప్పలేను.

పరుగాపి నడిచాను. నడకలో కుంటు తగ్గింది. తగ్గకపోతే నిస్సందేహంగా ఆ బండే ఎక్కేవాణ్ణి, ఈ వ్యాసం వేరేగా ఉండేది. రెండు కిలోమీటర్లు నడిచాను. నన్ను దాటిపోయినవాళ్ళలో తాతగారి వయసువాళ్ళు కూడా ఉన్నారు.

ఆ నడకలోనే చిన్నప్పటి సంగతి గుర్తొచ్చింది. సెకండు షో వదిలాక నాన్న ఇంటికొచ్చి, గోడకి కాళ్ళు ఆనించి పడుకునేవాడు. “కాస్త కాళ్ళు పట్టరా” అనేవాడు. ఒక కాలు పట్టేలోపే నిద్ర నటించి జారుకునేవాణ్ణి. ఆయన రెండో కాలు అలా గాల్లోనే ఉండేది. పదేళ్ళవాడికి ఆ కాలు ఏం చెబుతోందో తెలియలేదు. ముప్పై నాలుగో కిలోమీటరు దగ్గర తెలిసింది.

తర్వాత కొంచెం పరుగు, కొంచెం నడక. స్టేడియం, గీత, మెడలో పతకం. డప్పులు మోగాయేమో, నాకు గుర్తు లేదు.

ఇంటికెళ్ళేసరికి నాన్న వరండాలో కూర్చుని ఉన్నాడు.

“ఎంతసేపు పట్టింది?”

“ఐదు గంటల నలభై రెండు నిమిషాలు.”

“రెండాటలు” అన్నాడు. “మధ్యలో ఆగావా?”

“రెండు కిలోమీటర్లు నడిచాను.”

ఏమీ అనకుండా లోపలికెళ్ళి, ఉప్పు వేసిన వేణ్ణీళ్ళ బకెట్టు తెచ్చి నా ముందు పెట్టాడు. వంగి బూటు లేసులు విప్పుకోలేక అవస్థ పడుతుంటే, తనే కింద కూర్చుని విప్పాడు. నా పాదం ఒళ్ళోకి తీసుకుని పిక్క నొక్కడం మొదలెట్టాడు.

“వద్దు నాన్నా, పెద్దవాడివి, నా కాళ్ళు పట్టుకోవడమేమిటి!” అన్నాను సిగ్గుతో చచ్చిపోతూ.

వినిపించుకోలేదు. మడమ నుంచి మోకాలి దాకా తీరిగ్గా నొక్కి, ఆ కాలు నీళ్ళలో దించి, “ఆ రెండోది కూడా ఇలా పెట్టు” అన్నాడు.