కొలువుతో వచ్చిన ఇల్లు

ఉద్యోగంతో పాటు ఇల్లు కూడా ఇస్తారంటే మగవాళ్ళు ముందు అద్దె ఎంత మిగులుతుందా అని లెక్క కడతారు. ఆడవాళ్ళం మాత్రం పెరడు ఎంతుందని అడుగుతాం. మావారి ఉద్యోగం పుణ్యమా అని నాలుగు ఊళ్ళ క్వార్టర్స్‌లో కాపురం చేసినదాన్ని కనుక ఈ మాట ధైర్యంగా చెప్పగలను. ఏ ఊళ్ళోనైనా సరే, నేను వేసిన మల్లెపొద విరగబూయడం మొదలెట్టేసరికి ట్రాన్స్‌ఫర్ ఆర్డరు వచ్చి కూర్చునేది.

అమెరికాలో, న్యూజెర్సీలో ఉంటున్న మా చెల్లెలి దగ్గరికి వెళ్ళినప్పుడు అది నన్ను ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి తీసుకెళ్ళింది. "అక్కా, ఇది ఒకప్పుడు ఇక్కడి ప్రెసిడెంటుగారి బంగళా" అనగానే నా కాళ్ళు తిన్నగా వెనక తోటలోకి నడిచాయి. ప్రెసిడెంటంటే మన వైస్‌ఛాన్సలరుగారి లాంటివారన్నమాట. బంగళా పేరు ప్రాస్పెక్ట్. పెద్ద రాతిమేడ, దానికో చదరపు బురుజు. 1878లో స్టూవర్ట్ సోదరులు కాలేజీకి దానంగా ఇచ్చారట. 1968 వరకూ ప్రెసిడెంట్ల కాపురాలు అందులోనే.

మేడ సంగతి అలా ఉంచండి. నన్ను కట్టిపడేసింది తోట. దాన్ని తీర్చిదిద్దింది ఎలెన్ విల్సన్. తరవాత దేశాధ్యక్షుడైన ఉడ్రో విల్సన్ 1902లో ముందు ఈ విశ్వవిద్యాలయానికి ప్రెసిడెంటయ్యాడు. ఆవిడ ఆయన భార్య, ముగ్గురు ఆడపిల్లల తల్లి, న్యూయార్కులో చిత్రకళ నేర్చుకున్న మనిషి. అప్పటికి వాళ్ళకి అదే ఊళ్ళో సొంత ఇల్లుంది. దాని ప్లాను ఆవిడ తన చేత్తో గీసుకుంది. ఆ ఇంట్లో చేరి గట్టిగా ఆరేళ్ళు. ఆయనకి పెద్ద పదవి వచ్చిందని అందరూ సంతోషించే ఉంటారు. తను గీసుకున్న గదుల్లోంచి సామాను సర్దుకునే ఆడమనిషి మనసు మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఊరికే కూర్చోలేదు ఆవిడ. వెనక పూలమళ్ళు వేయించి, వాటి వెనక తెరలా పచ్చటి హెమ్లాక్ చెట్లు నాటించింది. చిత్రం గీసే చెయ్యి కదా, ఎక్కడ ఏ రంగుండాలో తెలుసు. తీరా ఓసారి ఫుట్‌బాల్ ఆటకొచ్చిన జనం ఆ తోటలోంచే తొక్కుకుంటూ పోయారు! 1904లో విల్సన్‌గారు చుట్టూ ఇనప కంచె వేయించారు. క్యాంపస్‌లో చోటంతా లాక్కున్నారని కుర్రాళ్ళకి కోపం వచ్చింది. వాళ్ళ కోపంలోనూ న్యాయముంది, కాదనను. అధికారిగారి బంగళా అంటే జనం దృష్టిలో సగం ఆఫీసే. ఆ సగం ఎక్కడ ఆగి సంసారం ఎక్కడ మొదలవుతుందో ఇల్లాలికి తప్ప ఎవరికీ కనిపించదు. వచ్చే పోయే పెద్దమనుషులకి టీలూ భోజనాలూ చూసేది ఆవిడ, జీతం మాత్రం ఆయనకి.

"ఇంత చేసినందుకు ఆవిడకి యూనివర్సిటీ ఏమిచ్చిందక్కా?" అంది మా చెల్లెలు.

"ఎనిమిదేళ్ళు ఉండనిచ్చింది" అన్నాను.

నిజమే మరి. 1910 అక్టోబరులో గవర్నరు పదవికి పోటీ చేస్తూ విల్సన్ రాజీనామా ఇచ్చాడు. పదవి పోయాక ఇల్లూ ఖాళీ చెయ్యాలి కదా! ఆ రోజుల్లో న్యూజెర్సీలో గవర్నరుకి అధికార నివాసమంటూ లేదు. గెలిచినాయన భార్య పిల్లలతో ముందు ఊళ్ళో ఒక హోటల్లో గదులు తీసుకుంది, తరవాత అద్దె ఇల్లు. తోట ఎక్కడిదక్కడే ఉండిపోయింది. 1913లో వైట్‌హౌస్‌కి వెళ్ళాక ఆవిడ అక్కడా గులాబీతోట వేయించింది. మరుసటి ఏడాది ఆగస్టులో ఆ ఇంట్లోనే కన్నుమూసింది.

1968లో ప్రెసిడెంటు నివాసం మరో భవనానికి మారింది. ప్రాస్పెక్ట్ ఇప్పుడు ప్రొఫెసర్లు భోజనాలు చేసే చోటు. మేం వెళ్ళిన రోజు తోటలో ఒక పిల్ల బెంచీ మీద పుస్తకం మూసి పెట్టుకుని ఎండకి కునుకు తీస్తోంది. ఆమెని లేపకుండా పక్క బెంచీ మీద కూర్చుని మా చెల్లెలు తెచ్చిన పులిహోర తిన్నాం.