నిటారుగా నల్లమలలోకి

క్రూజర్ దిగి రెట్రో బైకెక్కితే శ్రీశైలం దారి ఎలా ఉంటుంది?

హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లే బైకు తుక్కుగూడ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు కిందుగా దూరి వెళ్లాలి. పైన నగరం చుట్టూ 158 కి.మీ. మేర మలుపు తెలియని ఎనిమిది వరుసల రహదారి. కింద ఆర్టీసీ బస్సులు, షేర్ ఆటోలు, ఇసుక లారీలు, ఎదురు దిశలో వచ్చే ట్రాక్టర్లు. పైకెక్కే వీలు బైకుకు లేదు. ఔటర్ మీద ద్విచక్ర వాహనాలు నిషిద్ధం. నాలుగేళ్లపాటు క్రూజర్ మీద ఆ వంతెన కిందినుంచి వెళ్లినప్పుడల్లా ఈ తమాషా గుర్తొచ్చేది. ఎందుకంటే క్రూజర్ అనే బండి పుట్టిందే అలాంటి రోడ్డు కోసం.

క్రూజర్ అంటే చక్రాలున్న పడక్కుర్చీ. సీటు కిందికి, హ్యాండిల్ వెడల్పుగా, ఫుట్‌రెస్టులు ముందుకు ఉంటాయి. కాళ్లు చాపుకుని కూర్చుంటే రోడ్డు తనంతట తాను జారిపోవాలి. తిన్నగా సాగిపోయే అమెరికా హైవేల మీద రూపుదిద్దుకున్న భంగిమ అది. మన దేశంలో 2001లో కవాసాకి బజాజ్ ఎలిమినేటర్, 2002లో రాయల్ ఎన్‌ఫీల్డ్ థండర్‌బర్డ్, 2005లో బజాజ్ అవెంజర్ వచ్చాయి. స్వర్ణ చతుర్భుజి పనులు జోరుగా సాగిన సంవత్సరాలు కూడా అవే. రోడ్డు వస్తోంది, సాఫ్ట్‌వేర్ జీతాలు వస్తున్నాయి, ఇక కాళ్లు చాపుకోవడమే తరువాయి అన్నట్టుండేది.

రోడ్డయితే వచ్చింది. చతుర్భుజి మీద బైకులకు అడ్డు లేదు గానీ, అంతకంటే మేలైన ఎక్స్‌ప్రెస్‌వేలలో పేరున్నవి కొన్ని వాటికి తలుపులు మూసేశాయి. ముంబై-పుణె ఎక్స్‌ప్రెస్‌వే మీద వాటికి చోటు లేదు. ఢిల్లీ-ముంబై మార్గంలోనూ అంతే. బెంగళూరు-మైసూరు ప్రధాన రహదారి మీదికి 2023 ఆగస్టు 1 నుంచి రావద్దన్నారు. భద్రత కోసమే అంటారు. అందులో నిజం ఉంది కూడా. దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయేవారిలో అందరికంటే ఎక్కువ మంది ద్విచక్ర వాహనదారులే. అయితే పక్కనున్న సర్వీసు రోడ్డులోకి నెట్టేసినంత మాత్రాన వాళ్లు భద్రంగా ఉన్నట్టేనా అని అడిగేవారు తక్కువ. ఎవరికోసం రోడ్లు వేస్తున్నామన్న ప్రశ్న ఎన్నికల సభల్లో వినిపించదు. ర్యాంపు మొదట్లో బోర్డుగా మాత్రం కనిపిస్తుంది.

ఆ విధంగా క్రూజర్‌కు మిగిలింది పాత రోడ్డే. పాత రోడ్డుకు పాత ఆకారమే మేలనిపించి ఈ మధ్యే రెట్రో బైకుకు మారాను. గుండ్రటి హెడ్‌లైటు, నీటిబొట్టు లాంటి ట్యాంకు, ఊచల చక్రాలు. చిన్నపిల్లల్ని మోటార్‌సైకిల్ బొమ్మ గీయమంటే గీసేది ఇదే. 1955లో మద్రాసులో బుల్లెట్ కోసం కంపెనీ పెట్టిన నాటి నుంచి, మైసూరులో జావా, యెజ్డీలు తయారైన కాలం దాకా మనకు మోటార్‌సైకిల్ అంటే ఈ రూపమే. మైసూరు ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. 2009లో రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్, 2018లో జావా పునరాగమనం, 2020లో హోండా సీబీ350. పోయిందనుకున్నది ఇలా తిరిగి వచ్చింది, షోరూంలో మెరుస్తూ.

ఈ మోజులో కొంత వేళాకోళానికి అవకాశం లేకపోలేదు. పాత బుల్లెట్‌కు గేర్లు కుడికాలి వైపు, బ్రేకు ఎడమకాలి వైపు ఉండేవి. కిక్కు కొట్టడం తెలియనివాడి పిక్క వాచిపోయేది. బండి ఆగిన చోటల్లా నూనె చుక్క. ఇప్పుడు బటన్ నొక్కితే స్టార్టయ్యే, ఏబీఎస్ ఉన్న, ఫ్యూయల్ ఇంజెక్షన్ బండిని పాత వేషంలో కొంటున్నాం. లైసెన్స్ రాజ్‌లోని కొరత వద్దు, ఆ కాలపు ముఖం మాత్రం కావాలి. బుల్లెట్‌ను తిట్టుకుంటూ తోసిన తరం వేరు, దాని ఫోటో చూసి ముచ్చటపడి కొంటున్న తరం వేరు.

వేషం సంగతి అలా ఉంచితే భంగిమ మాత్రం నిజం. రాయల్ ఎన్‌ఫీల్డ్ వారి మెటియోర్ క్రూజర్, క్లాసిక్ రెట్రో. రెండింటిలోనూ ఉన్నది అదే 349 సీసీ, 20 హార్స్‌పవర్ ఇంజన్. (349 అంకె ఊరికే రాలేదు. పన్ను శ్లాబు 350 దగ్గర తెగుతుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి దాని లోపలి బైకులకు జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, పైవాటికి 40 శాతమైంది.) మెటియోర్ సీటు ఎత్తు 765 మి.మీ., క్లాసిక్‌ది 805. తేడా నాలుగు సెంటీమీటర్లే. కానీ కాళ్లు ఎక్కడ ఉంటాయన్నదే అసలు కథ.

ఆ కథ కడ్తాల్, ఆమనగల్, వెల్దండ, కల్వకుర్తిల మీదుగా వెళ్తుంటే తెలుస్తుంది. ఊరు మొదలైనప్పుడొక స్పీడ్ బ్రేకర్, బడి దగ్గరొకటి, ఊరు అయిపోయినప్పుడు మరొకటి. క్రూజర్ మీద కాళ్లు ముందుకు చాపి ఉంటాయి కాబట్టి సీటు మీదినుంచి లేవడం కుదరదు. శరీరం బరువంతా నడుం కింది ఎముక మీదే. ప్రతి దిమ్మె దెబ్బా అక్కడినుంచి మెడ దాకా పాకుతుంది. డిండి చేరేసరికి దిగి అటూ ఇటూ నడవాల్సి వచ్చేది. రెట్రో మీద ఫుట్‌రెస్టులు మన కిందే ఉంటాయి. దిమ్మె కనబడగానే మోకాళ్లు కొద్దిగా వంచి అరంగుళం లేస్తే చాలు, దెబ్బ బండికి తగులుతుంది, మనకు కాదు. పొలంగట్ల మీద సైకిల్ తొక్కినవారికి ఇది ఎవరూ నేర్పక్కర్లేదు.

నష్టాలూ ఉన్నాయి. క్రూజర్ మీద రెండు పాదాలూ నేలకు ఆనేవి, ట్రాఫిక్‌లో అదో ధీమా. ఇప్పుడు మునివేళ్లే ఆనుతున్నాయి. ఊచల చక్రాలకు ట్యూబు టైర్లుంటాయి. పంక్చరైతే బయటినుంచి దారం కుట్టినట్టు మూసేయడం కుదరదు, చక్రం విప్పాల్సిందే. అడవి దారిలో ఇది చిన్న విషయం కాదు. కాబట్టి అందం కంటే అల్లాయ్ చక్రాలే మేలని నా అభిప్రాయం. ఇక వెనక సీటు. పాత బండికి బ్యాక్‌రెస్ట్ ఉండేది, దీనికి లేదు. కల్వకుర్తిలో టీ తాగుతూ మా ఆవిడ, “మీ నడుం బాగుపడింది సరే, నా నడుం సంగతెవరు చూస్తారండీ?” అంది. పుత్లీబౌలిలో ఒకటి బిగించుకోవాల్సి ఉంది.

మన్ననూరు చెక్‌పోస్టు దాటితే అమ్రాబాద్ పులుల అభయారణ్యం. అక్కడినుంచి లెక్క మారుతుంది. రెండు వరుసల దారి, రెండువైపులా టేకు, నల్లమద్ది, వెదురు పొదలు, రోడ్డు మధ్యలో పిల్లల్ని పట్టుకుని కూర్చున్న కోతులు. వేగం పనికిరాదు, అవసరమూ లేదు. ఇంజన్ చప్పుడు తగ్గితే ఎండుటాకుల చప్పుడు వినిపిస్తుంది. క్రూజర్ మీద చూపు దూరంగా, రోడ్డు చివరన ఉండేది. నిటారుగా కూర్చుంటే తల సులువుగా పక్కకు తిరుగుతుంది. వట్వర్లపల్లి దగ్గర రోడ్డు పక్కన ఎండబెట్టిన గింజలు, చెట్ల వెనక చెంచుల ఇళ్లు ఇదివరకు ఇంత తీరిగ్గా చూసిన గుర్తు లేదు.

ఇక్కడ అసలు సిసలు స్టాండర్డ్ మోటార్‌సైకిల్ కూడా కనిపిస్తుంది. వంద సీసీ బండి, అతుకులు వేసిన సీటు, ట్యాంకు మీద రేషన్ బియ్యం సంచి, నడిపేవాడి వెనక భార్య, మధ్యలో ఇద్దరు పిల్లలు. దాన్ని రెట్రో అని ఎవరూ అనరు. నేను లక్షలు పెట్టి కొనుక్కున్న భంగిమలోనే అతను రోజూ ఆసుపత్రికి, సంతకు, పనికి వెళ్లివస్తున్నాడు. ఘాట్‌లో నన్ను దాటి వెళ్లింది కూడా అతనే.

ఈ దారికి కాలం మూడవచ్చు. అడవి మీదుగా శ్రీశైలానికి నాలుగు వరుసల ఎలివేటెడ్ కారిడార్ కట్టాలని తెలంగాణ ప్రభుత్వం కేంద్రాన్ని కోరింది. వాదన బలమైనదే. జంతువులు కిందినుంచి తిరుగుతాయి, వాహనాలు పైనుంచి పోతాయి, రాత్రిళ్లు దారి మూసే పని ఉండదు. అయితే ఔటర్ అనుభవం చూసినవారికి వెంటనే తట్టే ప్రశ్న వేరు. ఆ పైదారి ఎక్కే హక్కు వంద సీసీ బండికి ఉంటుందా? లేకపోతే వట్వర్లపల్లి మనిషికి కింద ఏ దారి మిగులుస్తారు? పనులు మొదలవక ముందే ఇది కాగితం మీద తేలాలి.

దోమలపెంట, ఈగలపెంట దాటాక దారి కృష్ణ వైపు దిగుతుంది. వరుస మలుపుల్లో క్రూజర్ హ్యాండిల్ పూర్తిగా తిప్పితే బయటివైపు చెయ్యి అందేది కాదు. ఈ బండి మోకాళ్లతో నొక్కితే ఒరుగుతుంది. వంతెన దాటితే ఆంధ్రప్రదేశ్.

అడవి దారిని రాత్రి 9కి మూసి ఉదయం 6కి తెరుస్తారు. మర్నాడు తిరుగు ప్రయాణంలో దోమలపెంట చెక్‌పోస్టు దగ్గర ఆరు కొట్టకముందే కార్లు, బస్సులు బారులు తీరి ఉన్నాయి. పక్క సందుల్లోంచి బైకులు ఒక్కొక్కటే ముందుకొచ్చి గేటుకు ఆనుకుని నిలబడ్డాయి. గేటు లేవగానే మొదట కదిలినవి అవే.