వినాయకుడికీ ఛార్జీ

ఓర్వకల్లులో 2021 మార్చిలో విమానాలు మొదలైనప్పుడు మన కర్నూలు జిల్లాకే రెక్కలొచ్చాయని సంబరపడినోళ్లలో నేనొకణ్ని. ఆ ఏడాదే విశాఖలో చెల్లెలి కొత్తింటికని ఆళ్లగడ్డలో రాతి వినాయకుణ్ని తీసుకున్నా. నాలుగు కిలోలు, 1,800 రూపాయలు. "బరువుంటాది సామీ, బస్సులో పో" అన్నాడు చెక్కినాయన. వింటేనా!

కౌంటర్లో పెట్టె తూకం 19 కిలోలు. ఉచితం 15. మిగతాదానికి కిలోకు 500 పైనే అడిగినారు. అంటే దేవుడి ధర కంటే దేవుడి ఛార్జీ ఎక్కువ! అప్పటికే కిటికీ సీటుకు ఒక లెక్క, డబ్బు కట్టే "సౌకర్యానికి" ఇంకో లెక్క. ఎవరి సౌకర్యమో మరి.

దేనికది విడిగా కట్టించుకోవడం కొత్తేం కాదు. 2003లో ఎయిర్ డెక్కన్ పెట్టిన కెప్టెన్ గోపీనాథ్ రూపాయికి కూడా టికెట్లు అమ్మాడు. తిండి కావాలంటే కొనుక్కోవాల్సిందే. అదీ న్యాయమే, తినని వాడెందుకు కట్టాలి? నాకు కడుపు మండేది మొదటి పేజీలో ఒక ధర చూపించి ఊరించి, చివరి పేజీలో ఇంకోటి చూపిస్తారే, దానికి.

సరే, పెట్టె అక్కడే విప్పినా. నాలుగు కిలోల కర్నూలు సోనా బియ్యం తీసి, దించడానికొచ్చిన మామ చేతిలో పెట్టినా. వినాయకుడు విమానమెక్కినాడు, బియ్యం తిరిగి నంద్యాలకు పోయినాయి.

మామ కారెక్కుతూ అడిగినాడు: "ఎలుకకు వేరేగా కట్టించుకోలేదు కదరా?"