తాళం వేసుకునే ఒక గది

శాన్‌ఫ్రాన్సిస్కోలో మాస్కోనీ సెంటర్ తెలియని తెలుగు సాఫ్ట్‌వేరు ఉద్యోగి అరుదు. మెడలో బ్యాడ్జీ వేసుకుని కాన్ఫరెన్సులకు వచ్చిపోయేవాళ్లలో మనవాళ్లు ఎప్పుడూ ఉంటారు. 1981లో ఆ భవనం తెరవక ముందు, ఆ చుట్టుపక్కల వీధుల నిండా గదుల హోటళ్లుండేవి. పేరుకే హోటళ్లు, యాత్రికులు దిగేవి కావు. రేవులో మూటలు మోసి, ఓడల్లో పనిచేసి, వయసుడిగిన ఒంటరి మగవాళ్లు వారానికో నెలకో అద్దె కట్టుకుంటూ ఏళ్ల తరబడి బతికిన ఇళ్లవి. ఒక మంచం, ఒక కుర్చీ, గోడకు చేతులు కడుక్కునే బేసిన్, ఒక కిటికీ. స్నానాల గది నడవా చివర, అందరికీ కలిపి. వంటగది లేదు, తిండి కింద వీధిలోనే. ఇక్కడివాళ్లు వీటిని ఎస్ఆర్ఓలు అంటారు.

అవి ఎలా పోయాయో, మిగిలినవి ఎలా ఉన్నాయో చూడాలని ఈ మధ్య ఆ వీధులన్నీ తిరిగాను.

మొదట హోవర్డ్ వీధి. మాస్కోనీ పక్కనే వుల్ఫ్ హౌస్ అనే వృద్ధుల ఇళ్ల సముదాయం ఉంది. నగర పునరభివృద్ధి సంస్థ ఈ ప్రాంతానికి మురికివాడ అని ముద్రవేసి కూల్చివేతలు మొదలుపెట్టినప్పుడు, 1969లో మిల్నర్ హోటల్లో అద్దెకుంటున్న ముసలివాళ్లు ఒక సంఘం పెట్టుకున్నారు. జార్జ్ వుల్ఫ్, పీటర్ మెండెల్సన్ లాంటి పాత కార్మిక సంఘాల మనుషులు ముందు నిలబడ్డారు. సమ్మెలు నడిపిన అనుభవం వాళ్లది. కోర్టుకెక్కారు. వీళ్లకు సరైన ఇళ్లు చూపించకుండా ఖాళీ చేయించడం కుదరదని 1970లో జడ్జి స్టాన్లీ వైగెల్ కూల్చివేతలకు అడ్డుకట్ట వేశాడు. 1973లో రాజీ కుదిరింది, ఆ సంఘం చేతికి ఇళ్లు కట్టుకునే స్థలాలు వచ్చాయి. పోయిన గదులు వేలు, వచ్చిన ఇళ్లు వందలు. అయినా ఆ వందలు ఇచ్చినవి కావు, గుంజుకున్నవి. అందుకే ఆ గోడ మీది పేరు చదువుతుంటే నాకు గర్వంగా అనిపించింది.

అక్కడి నుంచి కియర్నీ వీధికి నడిచాను. జాక్సన్ వీధి మూల, 848 నంబరు. ఇంటర్నేషనల్ హోటల్. చైనాటౌన్ అంచున ఒకప్పుడు పది బ్లాకుల మేర మనీలాటౌన్ ఉండేది. స్టాక్టన్ పొలాల్లో ఆస్పరాగస్ కోసి, వేసవిలో అలాస్కా చేపల కర్మాగారాలకు పోయి, పని లేని కాలంలో ఫిలిప్పీన్స్ కూలీలు వచ్చి తలదాచుకున్న చోటు. వీళ్లంతా బ్రహ్మచారులుగా మిగిలిపోయింది ఇష్టపడి కాదు. వచ్చినవాళ్లలో దాదాపు అందరూ మగవాళ్లే. తెల్లజాతి స్త్రీలను పెళ్లాడకుండా కాలిఫోర్నియా చట్టం 1948 దాకా అడ్డుపడింది. 1934 చట్టం ఫిలిప్పీన్స్ నుంచి ఏడాదికి 50 మందికి మించి రానివ్వలేదు. సంసారం చేసుకునే దారులన్నీ మూసేసిన దేశం, ఆ తర్వాత సంసారం లేనివాళ్ల ఇళ్లను ఇళ్లుగా లెక్కపెట్టనంది.

కింది అంతస్తులోని మనీలాటౌన్ కేంద్రంలో గోడల మీద ఫొటోలు. ఇస్త్రీ మడత నలగని సూట్లు, టోపీలు, నిగనిగలాడే బూట్లు. వీళ్లను మానోంగ్‌లంటారు, మనం అన్నయ్యా అన్నట్టు. హోటల్ కిందే లకీ ఎం పూల్ హాలు, టీనోస్ మంగలి షాపు ఉండేవి. నెల అద్దె 50 డాలర్లకు కాస్త అటూ ఇటూ. అక్కడ ఫొటోలు చూపిస్తున్న పెద్దావిడ ఒక మాట చెప్పింది: “గది చిన్నదని వాళ్లకు దిగులుండేది కాదమ్మా. గది పడుకోవడానికి. బతుకంతా కింద వీధిలోనే.” ఆ మాటతో నాకు గదుల హోటళ్ల లెక్క తెలిసింది. గదిలో లేనిదల్లా వీధి ఇచ్చేది. వీధిని పడగొట్టాక, మిగిలిన గదిని చూసి ఇరుకు అన్నారు.

1968లో యజమాని ఆ హోటల్‌ను పడగొట్టి కార్ల పార్కింగు పెడతానన్నాడు. మరుసటి ఏడాది మంటలు లేచి ముగ్గురు అద్దెదారులు చనిపోయారు. విద్యార్థులు వచ్చి రంగులు వేశారు, తలుపులు బాగుచేశారు. 1973లో భవనం ఫోర్ సీస్ అనే విదేశీ పెట్టుబడి సంస్థకు చేతులు మారింది. ఖాళీ చేయించనని మొండికేసి షెరిఫ్ రిచర్డ్ హాంగిస్టో 5 రోజులు జైల్లో కూడా ఉన్నాడు. చివరికి 1977 ఆగస్టు 4 తెల్లవారుజామున ఆయనే సమ్మెట పట్టుకుని తలుపులు పగలగొట్టాడు. బయట మూడు వేల మంది చేతులు పెనవేసుకుని నిలబడితే, గుర్రాల మీద పోలీసులు తోసుకొచ్చారు. నిచ్చెనలేసి మిద్దె మీది నుంచీ దిగారు. సుమారు 50 మంది ముసలివాళ్లను బయటికి నడిపించారు. కొన్నేళ్లకు భవనం కూల్చేశారు. ఆ తర్వాత? ఇరవై ఏళ్లకు పైగా అక్కడ గొయ్యి. అంత అత్యవసరంగా మనుషుల్ని వెళ్లగొట్టిన స్థలంలో అంతకాలం ఏమీ కట్టలేదు. ఇది చదివినప్పుడల్లా నాకు కోపం వస్తుంది.

ఇప్పుడున్న ఇంటర్నేషనల్ హోటల్ 2005లో తెరిచినది. వృద్ధులకు 104 ఇళ్లు. చక్కగా ఉంది. ఖాళీ చేయించిననాటి మానోంగ్‌లలో చాలామంది అప్పటికే లేరు.

ఆ పోరాటం వల్ల నగరం ఒక్కటైతే చేసింది. 1979లో గదుల హోటళ్లను పడగొట్టడం, యాత్రికుల హోటళ్లుగా మార్చడం తాత్కాలికంగా ఆపింది, రెండేళ్లకు దాన్ని శాశ్వత చట్టం చేసింది. అంతకుముందు నాలుగేళ్లలోనే 6,000 పైచిలుకు గదులు పోయాయి. చట్టం పుణ్యమా అని శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇప్పటికీ సుమారు 500 హోటళ్లు, 19 వేల దాకా గదులు ఉన్నాయి. మిగతా నగరాలకు ఆపాటి భాగ్యం కూడా లేదు. న్యూయార్క్ 1955లోనే కొత్తగా ఇలాంటి గదులు కట్టడాన్ని నిషేధించింది, పైగా పాతవాటిని పెద్ద అపార్టుమెంట్లుగా మార్చినవాళ్లకు పన్ను రాయితీ ఇచ్చింది. దేశమంతటా 1970లు, 80లలో పది లక్షల గదులు పోయాయని అంచనా. సరిగ్గా ఆ కాలంలోనే మానసిక వైద్యశాలలు రోగుల్ని బయటికి పంపేశాయి. పోయిన గదుల్లో ఉండాల్సినవాళ్లు పేవ్‌మెంట్ల మీదికి వచ్చారు. ఇళ్లు లేనివాళ్లు ఎందుకు పెరిగారని కమిటీలు వేసినవాళ్లు ఈ రెండు లెక్కల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే చాలు.

టెండర్‌లాయిన్ అనే పేటకు సాయంత్రానికి చేరాను. అక్కడ చాలా హోటళ్ల కౌంటర్ల వెనక కనిపించేది గుజరాతీ ముఖాలే. 1940లలో కాంజీభాయ్ దేశాయి అనే ఆయన శాక్రమెంటోలో ఒక హోటలు నడిపి, తర్వాత ఇక్కడ గోల్డ్‌ఫీల్డ్ హోటల్ తీసుకున్నాడు. వెనకే వచ్చిన పటేళ్లకు దారి చూపించాడు. అమెరికా అంతటా పటేళ్ల మోటళ్లకు మూలం ఈ చవక గదులే. ఒక హోటల్లో కౌంటరు దగ్గరున్న పెద్దాయన్ని హిందీలో పలకరించాను. “బేటీ, ఇక్కడ ముప్పై ఏళ్లుగా ఉంటున్నవాళ్లున్నారు. లిఫ్టు ఆగితే ముందు తిట్లు నాకే, పండగొస్తే ముందు కార్డూ నాకే,” అన్నాడు.

ఎడ్డీ వీధిలో కాడిలాక్ హోటల్. 1906 భూకంపం తర్వాత లేచిన కట్టడం. 1977లో, అంటే అక్కడ ఇంటర్నేషనల్ హోటల్ ఖాళీ చేయించిన ఏడాదే, లెరాయ్ లూపర్, కేథీ లూపర్ దంపతుల స్వచ్ఛంద సంస్థ దీన్ని కొని బాగుచేసి, చవక గదులుగానే నిలబెట్టింది. కింద 2015 నుంచి టెండర్‌లాయిన్ మ్యూజియం నడుస్తోంది. లాబీలో పియానో ఉంది, కచేరీలు జరుగుతాయి. పై అంతస్తులో ఒకాయన తన గది చూపించారు. నాలుగడుగులు వేస్తే గోడ. కిటికీ గట్టు మీద మొక్కలు, మంచం కింద అట్టపెట్టెల్లో పుస్తకాలు. అంతకు ముందు షెల్టర్లలో ఉన్నారట. “షెల్టర్లో పడుకోవచ్చు, వస్తువు పెట్టుకోలేం. ఇక్కడ తాళం నా దగ్గర ఉంటుంది,” అన్నారు.

ఈ హోటళ్లు స్వర్గాలని చెప్పను. నడవాలో ఎలుకల మందు వాసన వచ్చిన చోట్లు చూశాను. మూడు నెలలుగా లిఫ్టు లేక ఆరో అంతస్తు దిగని మనిషి గురించి విన్నాను. చైనాటౌన్‌లో ఒక్కో గదిలో పిల్లలతో సహా కుటుంబాలే ఉంటున్నాయి. అది ఒంటరి మనిషి కోసం కట్టిన గది, నలుగురికి చాలదు. కానీ ఎలుకలకు మందు ఎలుకల్ని పట్టడమే, ఇల్లు పడగొట్టడం కాదు. నేను హైదరాబాదులో ఉద్యోగం వెతుక్కుంటున్నప్పుడు ఎస్సార్ నగర్ హాస్టల్లో నలుగురం ఒక గదిలో ఉన్నాం. ‘ఫ్యామిలీలకు మాత్రమే’ అన్న టులెట్ బోర్డులు దాటుకుంటూ దొరికిన చోటది. ఆ మంచం లేకపోతే నాకు ఆ నగరమే లేదు.

అమెరికాలో ఇప్పుడు కొన్ని చోట్ల బుద్ధి తెచ్చుకుంటున్నారు. 2024లో వాషింగ్టన్ రాష్ట్రం, అపార్టుమెంట్లకు అనుమతి ఉన్న చోట్ల వంటగది పంచుకునే చిన్న గదుల భవనాలనూ నగరాలు ఒప్పుకోవాలని చట్టం చేసింది. మంచిదే. అయితే కొత్త భవనం అద్దె కొత్త ధరకే ఉంటుంది, నూరేళ్ల నాటి ఇటుక గోడ ఇచ్చేంత చవకగా ఏ కొత్త గోడా ఇవ్వలేదు. అందుకే ముందు ఉన్నవాటిని నిలబెట్టాలి. లిఫ్టు బాగుచేయడానికి, పైపులు మార్చడానికి ప్రభుత్వం డబ్బివ్వాలి, మరమ్మతుల పేరుతో ఒక్కరినీ బయటికి పంపకూడదు. ఖాళీ గదులకు తాళాలు వేసి ధర పెరిగేదాకా కూర్చునే యజమానుల మీద పన్ను వేయాలి. కాడిలాక్‌లో నాకు గది చూపించిన ఆయన్ని ఇంకేం కావాలని అడిగితే, తమ అంతస్తుకు ఇంకో స్నానాల గది కావాలన్నారు.